ముళ్ళకంప వేసిన బావిలో రెండు రాత్రులు

బస్తర్ వెళ్ళొచ్చానని చెబితే మా కాకినాడలో అందరూ రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. చిత్రకోట్ జలపాతం చూశారా? భయం వెయ్యలేదా? జలపాతం చూడలేదు. భయం వేసింది. అయితే పేపర్లు చదివి వాళ్ళు ఊహించుకునే రకం భయం కాదది. నోటితో చెప్పబోయిన ప్రతిసారీ మధ్యలో ఆగిపోతున్నాను. అందుకే రాస్తున్నాను.

నీళ్ళు పరీక్షించడం నా వృత్తి. కుంట అనే చిన్న పట్నం దగ్గర అడవిలో ఒక ఊరికి పాత బావి ఉందనీ, దాన్ని మళ్ళీ వాడుకోవచ్చో లేదో తేల్చాలనీ ఒక సేవాసంస్థ మా ల్యాబుకు రాసింది. ఆ ఊరి పేరు రాయొద్దని అక్కడివాళ్ళు అడిగారు, కాబట్టి రాయడం లేదు.

నా వెంట తీసుకెళ్ళింది ఒక ప్రోబ్. మోచెయ్యంత పొడుగున్న నల్లటి గొట్టం, దాని కొసన గుత్తిలా అరడజను సెన్సర్లు, వాటి మధ్యలో చిన్న బ్రష్. నీళ్ళలో దించితే వేడి, ఆమ్లగుణం, లవణాలు, కరిగిన ఆక్సిజన్, లోతు అన్నీ ఒకేసారి కొలుస్తుంది. ప్రతి రీడింగుకూ ముందు ఆ బ్రష్ ఒక చుట్టు తిరిగి సెన్సర్ల మీద పట్టిన మురికిని తుడుస్తుంది. అప్పుడు గొట్టం చేతిలో ఉంటే సన్నగా అదురుతుంది. పనిచేస్తోందనడానికి గుర్తుగా పైన ఒక పచ్చదీపం వెలిగి ఆరుతూ ఉంటుంది.

జగ్‌దల్‌పూర్

విశాఖ నుంచి రైల్లో అరకు సొరంగాలన్నీ దాటుకుని జగ్‌దల్‌పూర్ చేరేసరికి పొద్దు వాలింది. పుష్యమాసపు చలి. మా కోస్తాలో శాలువా బయటికి తీసే అవసరం ఏడాదికి నాలుగు రోజులు కూడా రాదు. ఇక్కడ దుకాణాల ముందు అట్టపెట్టెలు తగలబెట్టి చలి కాచుకుంటున్నారు. పొద్దున టిఫినుకు అటుకుల పోహా, దాని మీద సేవ్ అనే సన్న కారప్పూస, పక్కనే వేడి జిలేబీ. కారంతో తీపి ఏమిటని మొదట వింతగా చూశాను గానీ రెండోసారి నేనే అడిగి వేయించుకున్నాను.

బయలుదేరే ముందు ప్రోబ్‌ను సరిచూసుకోవాలి. ఆమ్లగుణం ముందే తెలిసిన ద్రావణాలుంటాయి, ఒకటి గులాబీ రంగు, ఒకటి పసుపు. వాటిలో ముంచి, ఆ అంకెలే వస్తున్నాయో లేదో చూడాలి. ఆక్సిజన్ సెన్సరుకు వేరే పద్ధతి. కప్పు అడుగున చుక్క నీళ్ళు పోసి, సెన్సర్‌కు తడి తగలకుండా ఆ చెమ్మగాలిలో ఉంచాలి. మంచి గాలిలో అది నూటికి నూరు చూపించాలి. చూపించేదాకా, వేడి నిలకడగా ఉండేదాకా కదలకుండా కూర్చోవాలి. తొందరపడితే అంకె వస్తుంది కానీ తప్పుడు అంకె వస్తుంది.

లాడ్జి గదిలో కింద పేపరు పరిచి, రంగు నీళ్ళ గిన్నెలు వరసగా పెట్టుకుని, మిణుకుమనే పచ్చదీపం ముందు మఠం వేసుక్కూర్చుని ఉండగా మేనేజరు తలుపు తోశాడు. గుమ్మంలోనే చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి, "మేడమ్, పూజలు రూములో వద్దు. మా ఆవిడ కడుపుతో ఉంది" అన్నాడు హిందీలో. ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి నేనే లాడ్జి వెనక పెరట్లోకి సామాను మార్చాను. గది ఖాళీ చేసేటప్పుడు చూస్తే గుమ్మానికి అడ్డంగా సన్నటి గీతలా పసుపు చల్లి ఉంది.

దర్భా ఘాట్, సుక్మా దాటాక

నా బండి నడిపింది నాగేశ్. కుంటలో కిరాణా వ్యాపారం చేసే తెలుగువాళ్ళ కుటుంబం. అన్న దుకాణం చూసుకుంటాడు, ఇతను బొలెరో అద్దెకు తిప్పుతాడు. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో హిందీ, సంతలో హల్బీ, ఊళ్ళలో గోండీ, దోర్లీ. ఫోనెత్తితే అవతలివాళ్ళ గొంతును బట్టి ఐదింటిలో ఏదో ఒకటి దానంతటదే బయటికొస్తుంది.

ఘాట్ రోడ్డు మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే సాల చెట్లు ఒక్కొక్కటే బండి ముందు నిలబడి చూసి తప్పుకుంటున్నట్టుంది. ఘాట్ దిగాక రోడ్డు పక్కన రంగులు పూసిన నిలువురాళ్ళు కనిపించాయి. చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా నిలబెట్టినవి. ఒక దాని మీద ఎడ్లబండి బొమ్మ, ఒక దాని మీద మోటారుసైకిల్, చేతి గడియారం. మా వైపు శ్మశానం ఊరి చివర ఉంటుంది. అటు పోవాల్సివస్తే తల పక్కకు తిప్పుకుంటాం. ఇక్కడ బస్సు కోసం ఆగినవాళ్ళు ఆ రాళ్ళకే ఆనుకుని బీడీ కాలుస్తున్నారు.

"ఈళ్ళు పోయినోళ్ళను దూరం పెట్టరు మేడం" అన్నాడు నాగేశ్. "పక్కనే ఉంచుకుంటరు."

సుక్మా దాటాక ఒక జవాన్ల క్యాంపు దగ్గర బండి ఆపారు. వెనక సీట్లో నల్ల గొట్టం, దానికి చుట్టలుగా కేబుల్, వెలిగి ఆరే దీపం. బాంబనుకున్నారు, వాళ్ళను తప్పుపట్టలేను. నలుగురు జవాన్లు తుపాకులతో చుట్టూ నిలబడితే, నేను వాళ్ళ మంచినీళ్ళ డ్రమ్ములోనే ప్రోబ్ దించి చూపించాల్సి వచ్చింది. వాళ్ళలో ఒకతను బొబ్బిలి వైపువాడు. తెలుగు వినగానే మొహం వెలిగింది. నీళ్ళు బాగానే ఉన్నాయని చెబితే సంతోషించాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఈ నీళ్ళలో ఎవరైనా చచ్చిపోయారా లేదా, అది కూడా చెబుతుందా అండీ?"

"చెప్పదు బాబూ."

"అదే మంచిది లెండి. చెబితే ఇక్కడ ఏ నీళ్ళూ తాగలేం."

దోర్నపాల్ సంత

ఆ రోజు దోర్నపాల్‌లో వారపు సంత. చింతపండు, ఎండిన ఇప్పపూలు, ఇప్పగింజల నూనె, మట్టికుండల్లో కల్లు. గోదావరి వైపు నుంచి వచ్చిన ఎండుచేపల గుట్టలు కూడా ఉన్నాయి. మా ఊరి వాసన అంత దూరంలో ముక్కుకు తగిలితే కాసేపు కాలు కదల్లేదు. ఆకుదొన్నెలో అన్నం, ఎర్రచీమల పచ్చడి పెట్టింది ఒక ముసలామె. చింతకాయ పులుపు, దాని వెనక నాలుక చురుక్కుమనే కారం. బాగుంది. తినేటప్పుడు దొన్నెలోకి చూడకుండా ఉంటే ఇంకా బాగుంటుంది.

ఆ ముసలామె మేం ఎక్కడికి పోతున్నామని నాగేశ్‌ను అడిగింది. అతను ఊరి పేరు చెప్పాడు. ఆమె నా చేతిలో దొన్నె వెనక్కి తీసుకుని, అందులో ఇంకొంచెం అన్నం, పచ్చడి వేసి ఇచ్చి ఏదో అంది.

"ఏమంటోంది?"

"ఆ ఊర్ల నీళ్ళు తాగొద్దంట, ఈడనే తినిపొమ్మంటుంది" అన్నాడు నాగేశ్.

బావి

తారురోడ్డు వదిలి ఎర్రమట్టి దారిలో చాలాసేపు పోయాక ఊరొచ్చింది. దూరదూరంగా ఇళ్ళు, ప్రతి ఇంటికీ వెదురు దడి. దోర్లవాళ్ళ ఊరు. వాళ్ళ మాట సగం గోండీ, సగం తెలుగు. నెమ్మదిగా మాట్లాడితే నాకు అర్థమవుతోంది. ఊరి పెద్ద జోగయ్యను అందరూ పటేల్ అంటారు. బోరింగు దగ్గరికి తీసుకెళ్ళి కొట్టి చూపించాడు. వచ్చిన నీళ్ళు కాసేపటికి తుప్పు రంగుకు తిరిగాయి. ఆ నీళ్ళతో వండితే అన్నం నల్లబడుతుంది. వాగు మాఘమాసానికే ఎండిపోతుంది. తర్వాత ఆడవాళ్ళు ఎంతో దూరం నడిచి తెచ్చుకోవాలి. మిగిలింది ఆ బావి ఒక్కటే.

బావి ఊరికి ఓ పక్కగా ఉంది. దాని నోటి మీద ఎత్తుగా ముళ్ళకంప వేసి ఉంచారు. చుట్టుపక్కల గడ్డి ఏపుగా పెరిగింది కానీ పశువులు మేసిన జాడ లేదు. ఊళ్ళోకి పోయే కాలిబాట నేరుగా దాని పక్క నుంచే పోవాలి. కానీ బాట అక్కడికి రాగానే పెద్ద వంపు తిరిగి మళ్ళీ కలుస్తోంది. ఎన్నో కాళ్ళు పడితే గాని అంత లోతైన వంపు రాదు.

పటేల్ మనుషులు కంప తొలగించారు. ఇరుకైన, బాగా లోతైన బావి. నీళ్ళకు కాస్త పైన గోడలోంచి మనిషి నిలబడేటంత రాయి ఒకటి పొడుచుకొచ్చింది. ఏళ్ళ తరబడి రాలిన ఆకులు లోపలే కుళ్ళినట్టున్నాయి, మురిగిన గుడ్డు వాసన కొట్టింది. ప్రోబ్ దించాను. నీటి పైపొర ఫరవాలేదు. మెల్లగా, అడుగు బురద కదలకుండా, ఒక్కో మెట్టున ఆపి అంకె నిలిచేదాకా ఆగుతూ దించాను. ఒక మనిషి లోతు దాటేసరికి ఆక్సిజన్ సున్నా. అక్కడ్నుంచి అడుగుదాకా సున్నాయే. పావుగంటకోసారి బ్రష్ తిరిగినప్పుడు ఆ చిన్న చప్పుడు బావి గోడలకు కొట్టుకుని, లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టు పైకొస్తోంది. మొదటిసారి వినగానే పటేల్ మనుషులు ఒకేసారి వెనక్కి జరిగారు.

పగలు ఒక్కసారి ముంచి తీసిన అంకెతో బావి గుణం తేల్చలేం. రాత్రి చలికి పైనీళ్ళు చల్లబడి కిందికి దిగుతాయి, కిందివి పైకొస్తాయి. ఆ కలయిక చూడాలంటే తెల్లవార్లూ ప్రోబ్‌ను లోపలే వదిలెయ్యాలి. అది తనంతట తాను రాసుకుంటుంది. తాడు కట్టి పైపొరలో వేలాడదీశాను.

"ఎవరన్నా తీసుకుపోతే?" అన్నాడు నాగేశ్.

పటేల్ నవ్వాడు. "ఈ బాయి కాడికి ఎవలు రారు."

అక్కడికి కాస్త దూరంలో ఒక ఇంటి అరుగు మీద ఒకామె ఆకులు పరుచుకుని విస్తళ్ళు కుడుతోంది. మేం వచ్చినప్పటి నుంచీ కుడుతూనే ఉంది. తల ఎత్తలేదు.

ఆ రాత్రి మాకు పటేల్ ఇంటి చావడిలో పడక ఇచ్చారు.

గీత

పొద్దున్నే వెళ్ళి చూస్తే తాడు కట్టింది కట్టినట్టే ఉంది. ప్రోబ్ పైకి తీసి, ట్యాబ్లెట్‌కు కలిపి, రాత్రి రీడింగుల గ్రాఫు తెరిచాను.

లోతు గీత మొదట తిన్నగా ఉంది. తర్వాత ఒక్కసారి పైకి లేచి సున్నా అయింది. అంటే ప్రోబ్ నీళ్ళలోంచి బయటికి వచ్చింది. అదే క్షణంలో లవణాల అంకె సున్నా. వేడి గబగబా పడిపోయింది, అది బయటి చలిగాలి. అంతవరకు అర్థమైంది. కానీ ఆ తర్వాత వేడి మళ్ళీ పెరగడం మొదలుపెట్టింది. బావి నీటి వేడిని దాటింది. ఇంకా పెరిగింది. ముప్పై నాలుగు డిగ్రీల దగ్గర ఆగి, అక్కడే చాలాసేపు నిలిచిపోయింది. ఆ తర్వాత ప్రోబ్ మళ్ళీ నీళ్ళలోకి, సరిగ్గా నేను పెట్టిన లోతుకే దిగింది. తెల్లవార్లూ కదల్లేదు.

బయట మంచు కురుస్తున్న రాత్రి ముప్పై నాలుగు డిగ్రీలుండే వస్తువు ఒక్కటే. మనిషి ఒళ్ళు.

నా భుజం మీదుగా చూస్తున్న నాగేశ్‌కు నేను చెప్పకుండానే అర్థమైంది. "ఏంది మేడం ఇది? ఎవలు రారన్నడు గద?"

అప్పుడే పటేల్ వచ్చాడు, కాస్త దూరంలో ఊరి ఆడా మగా వచ్చి నిలబడ్డారు. వెంట ఇద్దరు మనుషులు, భుజాల మీద మోకులు, పారలు, గంపలు. ఒకతను అప్పటికే నడుముకు తాడు బిగించుకుంటున్నాడు. వాళ్ళెందుకని అడిగాను.

"నీళ్ళు తోడి బాయి పూడిక తీస్తరు" అన్నాడు పటేల్ ఉత్సాహంగా. "నీ మిషిను రాత్రంత లోపల ఉండి మంచిగ బయటికొచ్చింది. ఇగ భయమేంది? ఊరంత చెప్పిన."

బావి మంచిదని నేను చెప్పలేదు. కానీ నా ప్రోబ్ చెప్పినట్టయింది. వాళ్ళు నా మాట మీద దిగబోతున్నారు.

కింద నీళ్ళలో ప్రాణవాయువు లేదు, కుళ్ళు వాసన వస్తోంది, గాలి కూడా చెడి ఉండొచ్చు, దిగొద్దు అన్నాను. నాగేశ్ దోర్లీలో చెప్పాడు. పటేల్ చెయ్యి ఊపేశాడు. ఇంతకు ముందు దిగినవాడు తాగి దిగాడట, అందుకే పోయాడట. ఒక మనిషి అందులో పోయాడన్న సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

నాగేశ్ నన్ను పక్కకు లాగాడు. "మేడం, ఆ గీత చూపిద్దాం. సచ్చినోడు రాత్రి మిషిను పైకి తీసి పట్టుకున్నడని చెప్తె చాలు. ఈ ఊర్ల ఒక్కడు దిగడు."

నిజమే. ఒక్క మాటతో అందరూ బతుకుతారు. ఆ మాట అనడానికి నోరు తెరిచాను కూడా. కానీ మళ్ళీ ఆ ముప్పై నాలుగు వైపు చూశాను. చచ్చినవాడి ఒళ్ళు వెచ్చగా ఉండదు. ఇది బతికున్న మనిషే. తీసింది దొంగతనానికి కాదు, ఆటకూ కాదు. అంతసేపు ఒంటికి ఆనించి పట్టుకుని, ఉన్నచోటే ఉన్నట్టు పెట్టారు.

అందరికీ వినిపించేలా అడిగాను. "రాత్రి దీన్ని ఎవరో ఒళ్ళో పెట్టుకున్నారు. దానికేం కాలేదు. నాకు కోపం లేదు. ఎవరో చెబితే చాలు."

అరుగు మీద విస్తళ్ళు కుట్టే ఆమె లేచింది. బాట వంపు తిరిగే చోట వంపు తిరగకుండా, గడ్డిలోంచి నేరుగా బావి దగ్గరికి వచ్చింది. ఆడవాళ్ళలో ఎవరో సన్నగా అరిచారు.

"నేనే" అంది. "ఒణుకుతాంది. చలికనుకున్న."

ఆమె పేరు దేవె. బావిలో పోయింది ఆమె పెనిమిటి.

నూరు

ఆమె అలా అనగానే నాకు ఇంకో గీత గుర్తొచ్చి ట్యాబ్లెట్‌లో వెతికాను. ప్రోబ్ ఆమె ఒళ్ళో ఉన్నంతసేపూ ఆక్సిజన్ సెన్సర్ నూరు చూపించింది. లాడ్జి పెరట్లో నేను సరిచూసుకున్నప్పటిలాగే. మంచి గాలిలో నూరు. మరి చెడ్డ గాలిలో?

పటేల్‌ను ఒక్క పూట ఆగమన్నాను. దిగబోయే మనిషి నడుముకు తాడు అలాగే ఉంది. ప్రోబ్ తడి తుడిచి అందరి ముందూ పట్టుకున్నాను. అంకె నిలిచేదాకా ఆగి నాగేశ్‌ను గట్టిగా చదవమన్నాను. నూరుకు కాస్త తక్కువ. నాగేశ్ దాన్ని వాళ్ళ మాటలో చెప్పాడు: పైన గాలి నిండుగా ఉంది. బావి నోటి దగ్గర కూడా అంతే. సగం లోతులో తొంభై. నీళ్ళకు జానెడు ఎత్తున ఆపి, మళ్ళీ ఆగాం. అంకె పడుతూ పడుతూ వచ్చి నలభై కింద నిలిచింది.

ఒక్కసారి వచ్చిన అంకెను నేను నమ్మను. పైకి తీశాను, నూరుకు చేరింది. మళ్ళీ దించాను, మళ్ళీ అక్కడికే పడింది. ఇది గాలిని కొలవడానికి చేసిన పరికరం కాదు. ఆ నలభై కచ్చితంగా నలభయ్యేనని నేను ప్రమాణం చెయ్యలేను. కానీ అంత తేడా పొరపాటు కాదు.

"కింద గాలి సగం కూడా లేదు" అన్నాను. "దిగినవాడికి అది తెలియదు. ఊపిరాడనట్టు కూడా ఉండదు. నిద్ర వచ్చినట్టు ఉంటుంది, అంతే."

దేవె చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు ఐసులా ఉన్నాయి.

"నీకెట్ల తెలుసు?" అంది. "తాడు పట్టుకుని నేనొక్కదాన్నే ఉన్న. ఇంకెవలు ఇనలే. 'నిద్దరొస్తాంది దేవె, జర కూసుంట' అన్నడు. నీకెవలు చెప్పిన్రు?"

నాగేశ్ అటు తిరిగి చెట్లకేసి చూస్తున్నాడు. పటేల్ దిగబోయిన మనిషి దగ్గరికి పోయి, నడుము తాడు ముడి తన చేతులతోనే విప్పాడు. తాగి దిగాడన్న మాట మళ్ళీ అతని నోట రాలేదు.

మధ్యాహ్నం దేవె తన అరుగు మీద నాకు జావ పోసింది. తేటగా, పుల్లగా ఉంది. విస్తరి కుడుతూనే మిగిలింది చెప్పింది. అతన్ని మోకులు వేసి పైకి లాగేసరికి ఇంకా ప్రాణం ఉంది. గడ్డి మీద పడుకోబెట్టారు. ఒళ్ళంతా వణుకుతున్నాడు. బావి పట్టుకున్న మనిషిని ముట్టుకుంటే ముట్టుకున్నవాళ్ళనూ పట్టుకుంటుందని ఆమెను ఇద్దరు రెక్కలు పట్టి ఆపేశారు. పూజారి వచ్చేదాకా ఆగమన్నారు. పూజారి వచ్చేసరికి వణుకు ఆగిపోయింది. ఆ ఊళ్ళో అలా పోయినవాళ్ళకు అందరి పక్కన రాయి నిలబెట్టరట. ఇతనికీ పెట్టలేదు.

"అంత దూరంల ఉండె" అంది, అరుగు నుంచి దడి దాకా చూపిస్తూ. "అంతే దూరం."

రాత్రి బావిలోంచి ఆ చప్పుడు వినిపించి వెళ్ళిందట. తాడు పట్టుకుంటే అదురు చేతికి తెలిసిందట. పైకి లాగి చీరకొంగులో చుట్టుకుని కూర్చుందట. అది వణకడం కాదనీ, లోపల చిన్న బ్రష్ తిరుగుతుందనీ తిప్పి చూపించాను. శ్రద్ధగా చూసింది. తల ఊపింది. నమ్మిందో లేదో తెలియదు.

రెండో రాత్రి

మొదటి రాత్రి లెక్క చెడిపోయింది కాబట్టి ఇంకో రాత్రి ఉంచక తప్పలేదు. సాయంత్రం మళ్ళీ ప్రోబ్ దించాను. దేవె కంబళి తెచ్చుకుని గట్టు మీద కూర్చుంది.

"నేనుంట" అంది.

"పైకి తియ్యకూడదు. లోపలికి వంగకూడదు. సరేనా?"

"తియ్య. తాడు పట్టుకుంట. అంతే."

పటేల్ తనే ఒక కట్టెల మోపు తెచ్చి ఆమె దగ్గర పడేసి వెళ్ళాడు.

తెల్లవారి వెళ్ళేసరికి మంట బూడిదైంది. ఆమె అలాగే ఉంది, తాడు అరచేతికి ఒక చుట్టు చుట్టుకుని. కంబళి మీద మంచు.

"నిద్రపోలేదా?"

"మాట్లాడిన."

"ఏం మాట్లాడారు?"

"ఊరి సంగతులు. ఆయన పోయినంక ఎవలికి పెళ్ళయింది, ఎవలి ఆవు ఈనింది, వాగు మీద సడక్ పడ్డది, అన్ని." అరచేతికి చుట్టుకున్న తాడు విప్పి నాకిచ్చింది. "మాట్లాడినంతసేపు ఒణికింది. తెల్లారెముందు ఆగింది. పండుకున్నట్టుంది. మెల్లగ తియ్యి."

మెల్లగానే తీశాను. లోతు గీత రాత్రంతా తిన్నగా ఉంది. ఒక్క రీడింగూ పోలేదు. బావి సంగతి తేలిపోయింది. చలికి పైనీళ్ళు దిగి, కింది కుళ్ళునీళ్ళు పైకొచ్చి, తెల్లారేసరికి పైపొర కూడా పాడైంది. ఆ బావి పనికిరాదని రాశాను. తర్వాత ఊరికి ఇంకోచోట బోరు వేశారనీ, బావి నోటిని సాల దుంగలతో మూసేశారనీ, దేవె కోరితే పటేల్ దగ్గరుండి అందరి రాళ్ళ పక్కన ఒక రాయి నిలబెట్టించాడనీ నాగేశ్ ఫోన్ చేసి చెప్పాడు.

కానీ ఆ పొద్దున గట్టు మీద నేను చూసింది వేరే. బ్రష్ తిరిగిన ప్రతిసారీ ప్రోబ్ ఒక గుర్తు వేస్తుంది. రాత్రంతా వరసగా గుర్తులున్నాయి. తెల్లవారబోయే ముందు అవి ఆగిపోయాయి. తర్వాత ఒక్కటి కూడా లేదు. బ్యాటరీ సగానికి పైగా ఉంది. బ్రష్‌లో ఆకు గాని, వేరు గాని ఇరుక్కోలేదు. మిగతా సెన్సర్లన్నీ పనిచేస్తూనే ఉన్నాయి. అది ఒక్కటే ఆగింది.

కుంట

కుంటలో నాగేశ్ వాళ్ళమ్మ మాకోసం పప్పుచారు, వంకాయ కూర చేసి, ఆవకాయ జాడీ తీసి పెట్టింది. భద్రాచలం నుంచి కోడలై వచ్చినామె. అన్ని రోజుల తర్వాత తెలిసిన రుచులు, అయినా కంచంలో అన్నం కలుపుతూనే కూర్చున్నాను.

"ఏందమ్మ, కారమైందా?" అంది.

"లేదండీ. బాగుంది."

పరికరంలో ఏ భాగం ఆగినా వెంటనే, అదే పూట, నీళ్ళలో పెట్టి పరీక్షించాలి. మా పనిలో అది నియమం. శబరి నది వాళ్ళ ఇంటికి దగ్గరే. నాగేశ్ వాకిట్లో నిలబడి, "పోదామా మేడం?" అని అడిగాడు. అడిగాడు గానీ బండి తాళం జేబులోంచి తియ్యలేదు. మర్నాడు పొద్దెక్కాక వెళ్ళి నీళ్ళలో దించితే బ్రష్ ఏమీ జరగనట్టు తిరిగింది. తిరిగొచ్చాక మా ల్యాబులో విప్పి చూశారు. ఏ లోపమూ దొరకలేదు. రిపోర్టులో, ఎందుకు ఆగిందన్న చోట కారణం తెలియదని రాశాను.

ఆ పూట మాత్రం రేపు చూద్దామన్నాను. ఊరి నుంచి కుంట దాకా ప్రోబ్‌ను పెట్టెలో పెట్టలేదు. శాలువాలో చుట్టి ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాను. నాగేశ్ గతుకులు చూసి చూసి నడిపాడు, దారి పొడుగునా ఒక్క హారన్ కొట్టలేదు. వాళ్ళింట్లో మంచం మీద ఆ చుట్ట అలాగే ఉంచి, తలుపు చేరవేసి బయటికొచ్చాను.

దాన్ని లేపడానికి నాకు చేతులు రాలేదు.